నీడ లేని వీధికి చెట్టు: నెల్లూరు, ఒంగోలు పేటల్లో నాటి బతికించే పద్ధతి

"మీ వీధిలో చెట్లు ఎట్లా నిలబడ్డాయి? మేమూ నాటాం, ఒక్కటీ మిగల్లేదు" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి మన పట్టణాల నేలకు, మన వానలకు సరిపోయేలా రాశాను.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. మొక్క నాటడం ఒక పూట పని, దాన్ని దక్కించుకోవడం మూడు ఎండాకాలాల పని. ఇక రెండోది: బోరు, ప్రహరీ, వాచ్‌మన్ ఉన్న లేఅవుట్లలో ఇప్పటికే నీడ ఉంది. రేకుల ఇళ్ల వీధిలో లేదు. చేతిలో యాభై మొక్కలుంటే అవి ముందు ఎక్కడికి పోవాలో ఇక్కడే తేల్చుకోవాలి.

1. ముందు నీడ లెక్క తీయండి

ఏప్రిల్ ఆఖరులోనో మే మొదటి వారంలోనో, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా పేటంతా కాలినడకన తిరగండి. ఆ రోజులే ఎందుకంటే, నెల్లూరులో ఏప్రిల్ ఆఖరున, ఒంగోలులో మే మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఎంత ఎత్తు మేడ ఉన్నా దాని నీడ గోడ మొదట్లోనే ఆగిపోతుంది. చెట్టు గొడుగు ఉన్నచోటే మనిషికి నీడ.

నోటుబుక్కులో ఒక్కో వీధికి ఒక్కో పేజీ ఇచ్చి ఇవి రాయండి:

☐ ఇళ్లెన్ని, వాటిలో రేకుల ఇళ్లెన్ని
☐ ఇంటి ఎత్తు దాటిన చెట్లెన్ని, ఏ రకాలు
☐ ఎండలో మనుషులు నిలబడే చోట్లు: అంగన్‌వాడీ, ఆటో స్టాండు, నీళ్ల ట్యాంకరు ఆగే మలుపు, తోపుడు బండ్లు, ఆసుపత్రి గేటు
☐ నడిచే వీలున్న దగ్గరి పార్కు ఎంత దూరం

కొలబద్ద కావాలంటే ప్రపంచంలో చాలా నగరాలు వాడే 3-30-300 సూత్రం ఉంది. ప్రతి ఇంటి నుంచి కనీసం 3 చెట్లు కనిపించాలి, పేట విస్తీర్ణంలో 30 శాతం మీద చెట్ల గొడుగు ఉండాలి, 300 మీటర్ల లోపు పచ్చని చోటు ఉండాలి. మన పేటల్లో రెండో అంకె అందుకోవడం చాలా దూరం. మొదటిదాన్ని మాత్రం ఐదారేళ్లలో సాధించవచ్చు. ఏ వీధిలో ఒక్క చెట్టూ కనిపించదో ఆ వీధికే మొదటి మొక్కలు.

సెంటు స్థలాల కాలనీలను ప్రత్యేకంగా చూడండి. సెంటు అంటే 48 గజాల పైచిలుకు. ఇల్లు కట్టాక పెరడనేది మిగలదు. "ఇంటికో మొక్క" అని పంచితే అక్కడ ఆ మొక్క డాబా మీద కుండీలో ఎండిపోతుంది. అలాంటిచోట వీధి అంచు, లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం, బడి ఆవరణ, ఇవే దిక్కు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలాలన్నది నిబంధన. మీ కాలనీ నక్షా తీసి ఆ పది శాతం ఎక్కడుందో వెతకండి. చాలాచోట్ల అది కంప చెట్ల కిందో, ఇసుక కుప్పల కిందో దాగి ఉంటుంది.

2. వీధివాళ్లతో కూర్చోండి, తరవాతే గునపం పట్టండి

ఎవరింటి ముందు చెట్టు రాబోతుందో ఆ ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే అది బతకదు. వేడినీళ్లు పోసి చంపినవాళ్లను చూశాను. వాళ్లను తిట్టడం కంటే ముందుగా అడిగి ఉండాల్సిందని తరవాత తెలిసింది.

సాయంత్రం ఆడవాళ్లు అరుగుల మీద ఉండే వేళకు వెళ్లండి. "అక్కా, మీ ఇంటి ముందు నీడకు చెట్టు పెడదామనుకుంటున్నాం, ఏ చెట్టయితే మీకు బాగుంటుంది?" అని అడగండి. "పెట్టమంటారా, వద్దా" అని అడిగితే సగంమంది వద్దంటారు. ఏ చెట్టు కావాలని అడిగితే మాట సాగుతుంది.

అభ్యంతరాలు దాదాపు అన్నిచోట్లా ఇవే:

ఆకు రాలుతుంది, రోజూ ఎవరు ఊడుస్తారు? ఇది నిజమైన కష్టం. చిన్న ఆకు, తక్కువ రాలే రకం ఇవ్వండి. పొగడ దీనికి మంచిది.

వాస్తు. వాకిలికి ఎదురుగా కాకుండా ప్రహరీ మూలకు జరపండి. రావి, మర్రి ఇంటి ముందు పెట్టకండి. వేర్లు గోడలోకి పోతాయన్న భయం సరైనదే.

గొంగళిపురుగులు. మునగ అడిగినవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

వీధి లైటు అడ్డం వస్తుంది. స్తంభానికి కనీసం ఐదు మీటర్లు వదలండి.

ఒప్పుకున్న ఇంటి పేరు, చెట్టు పేరు రాసుకోండి. ఒప్పుకోని ఇంటిని ఒత్తిడి చేయకండి. పక్కింటి చెట్టు కింద రెండేళ్లు నిలబడ్డాక వాళ్లే అడుగుతారు.

3. చోటు, అనుమతి

వార్డు సచివాలయంలో ప్లానింగ్, శానిటేషన్ సెక్రటరీలను కలిసి, వీధి నక్షా మీద చోట్లు గుర్తుపెట్టి, మున్సిపల్ కమిషనర్ పేరిట అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అదే సమయంలో ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ వీధిలో రాబోయే రెండేళ్లలో సీసీ రోడ్డు గానీ, కాలువ గానీ, పైపులైను గానీ ఉందా? ఉంటే ఆ పని అయ్యాకే నాటండి.

దూరాలు:

☐ పెద్ద చెట్టుకు పెద్ద చెట్టు: 8 నుంచి 10 మీటర్లు
☐ మధ్యరకానికి: 5 నుంచి 6 మీటర్లు
☐ గోడ నుంచి: పెద్దదానికి 3 మీటర్లు, మధ్యరకానికి ఒకటిన్నర
☐ తాగునీటి పైపు నుంచి: కనీసం మీటరు
☐ చెట్టు చుట్టూ సిమెంటు లేని నేల: నాలుగడుగుల చదరం

ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో పడమటి ముఖం ఇళ్లే ఎక్కువ కాలుతాయి. మధ్యాహ్నం మూడింటి ఎండ నేరుగా తలుపులోకి కొడుతుంది. మొక్కలు తక్కువగా ఉంటే ఆ ఇళ్ల ముందే పెట్టండి.

నెల్లూరువాళ్లకు ఒక మాట: పెన్న పొర్లుకట్ట మీద, చెరువు కట్ట మీద నాటకండి. వేర్ల వెంట నీళ్లు దారి చేసుకుంటే కట్ట బలహీనమవుతుంది. కట్ట దిగువన, దూరం వదిలి నాటుకోవచ్చు.

4. ఏ చోటికి ఏ చెట్టు

నర్సరీకి వెళ్లి ఉన్నవాటిలో మంచివి తెచ్చుకోవడం అందరూ చేసే పొరపాటు. ముందు చోటు చూసి జాబితా రాసుకొని, తరవాత నర్సరీకి వెళ్లాలి.

తీగలు లేని వెడల్పు వీధి: కానుగ, వేప, నేరేడు, చింత. నీడకు నా మొదటి ఓటు కానుగకే. ఎండాకాలం ముందే కొత్త చిగురేసి, కత్తిరి ఎండల నాటికి గుబురుగా ఉంటుంది. మేకలు కూడా దాన్ని అంతగా ముట్టవు.

ఇరుకు వీధి: పొగడ, గంగరావి. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది. ఓపిక పట్టండి, గాలికి విరగదు.

కరెంటు తీగల కింద: దేవకాంచనం, జామ, దానిమ్మ, కరివేపాకు, పారిజాతం. ఇక్కడ పెద్ద చెట్టు పెడితే ఏటా లైన్‌మన్ వచ్చి తల నరుకుతాడు. అది అతని తప్పు కాదు.

బోరునీళ్లు ఉప్పగా ఉండేచోట, సముద్రపు గాలి తగిలేచోట: కానుగ, గంగరావి, పొన్న. ఒంగోలులో చాలా పేటలకు ఈ వరసే మేలు.

వానాకాలం నీళ్లు నిలిచే పల్లం: తెల్లమద్ది, నేరేడు, కానుగ. వేప ఇక్కడ వద్దు, వేరు కుళ్లిపోతుంది.

బడి మైదానం, శ్మశానం, పెద్ద పార్కు: రావి, మర్రి, జువ్వి, మేడి. పక్షులకు వీటిని మించినవి లేవు, కానీ చోటు కావాలి.

వద్దనుకోవాల్సినవి కూడా చెప్పాలి. కోనోకార్పస్ ఊరికే పచ్చగా, త్వరగా పెరుగుతుందని డివైడర్ల మీద పెట్టేశారు. దాని వేర్లు పైపుల్లోకి, కాలువల్లోకి చొచ్చుకుపోతాయన్న ఫిర్యాదుల మీద గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. తురాయి, పచ్చ తురాయి పూలకు అందమే గానీ కొమ్మ పెళుసు. తుపాను తీరంలో రోడ్డు పక్కకు పనికిరావు. ఏడాకుల పాల పూసే రోజుల్లో ఆ ఘాటు వాసనకు ఉబ్బసం ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారు. సుబాబుల్, జామాయిల్ పొలానికి పంట కావచ్చు, వీధికి చెట్లు కావు.

ఒకే రకం వరసగా పెట్టకండి. 2021లో తెలంగాణలో వేపచెట్లు తెగులు పట్టి, కాల్చినట్టు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. వీధంతా వేపే అయితే అలాంటి ఏడు వీధంతా బోడి అవుతుంది. వార్డు మొత్తం మీద ఏ ఒక్క జాతీ పది శాతం దాటకూడదన్నది చెట్ల నిపుణులు చెప్పే లెక్క. మేం పాటించే సులువు: ఒక్కో వీధిలో కనీసం నాలుగు రకాలు.

మొక్క కొనేటప్పుడు:

☐ ఐదారడుగుల ఎత్తు, మొదలు బొటనవేలంత లావు
☐ ఒకటే నిటారు కాండం, కొస విరగనిది
☐ కవరు అడుగు చీల్చుకొని వేరు నేలలోకి దిగనిది
☐ గ్రీన్ నెట్ కింద పెరిగినదైతే రెండు వారాలు ఎండకు అలవాటు చేశాక నాటాలి

5. కాలం: జులై కాదు, హస్త, చిత్త కార్తెలు

వనమహోత్సవం జులైలో వస్తుంది కాబట్టి అందరూ అప్పుడే నాటతారు. మన తీరానికి అది సరిపడదు. నెల్లూరుకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జులై, ఆగస్టుల్లో ఇక్కడ ఎండలూ, పడమటి గాలీ ఇంకా పోవు. మా వీధిలో మొదటిసారి జులైలోనే నాటాం. బ్యానర్ కట్టి, ఫొటోలు దిగి ఇళ్లకు పోయాం. ఉగాదికి నాలుగు మిగిలాయి.

నెల్లూరు, కావలివాళ్లు హస్త చివర నుంచి స్వాతి దాకా, అంటే అక్టోబరు మొదటి వారం నుంచి నవంబరు మొదటి వారం లోపు నాటండి. ఒంగోలులో నైరుతి వాన కాస్త ఎక్కువ అందుతుంది కాబట్టి సెప్టెంబరు రెండో సగం నుంచే మొదలుపెట్టవచ్చు. అప్పుడు నాటిన మొక్కకు మొదటి ఎండాకాలం లోపు ఐదారు నెలలు వేరు దిగే సమయం దొరుకుతుంది. తుపాను హెచ్చరిక ఉన్న వారం మాత్రం ఆగండి.

6. గుంత

మొక్క ప్రాణం గుంతలోనే ఉంది. జులైలో నాటి చచ్చిపోయిన మొక్కనొకదాన్ని పీకి చూశాను. ఏడెనిమిది నెలలు నేలలో ఉన్నా వేర్లు కవరు ఆకారంలోనే, చుట్టచుట్టుకొని, చెంబులా గుండ్రంగా ఉన్నాయి. ఒక్క వేరూ బయటికి రాలేదు. ఎందుకో గుంత గోడ తడిమితే తెలిసింది. వేళ్లతో గీరితే గోరు విరిగేంత గట్టి గ్రావెల్.

మన కొత్త లేఅవుట్లు చాలావరకు ఒకప్పటి వరి కయ్యలు. వాటిమీద రెండు మూడడుగుల గ్రావెల్ తోలి, రోలర్ తొక్కించి ప్లాట్లు వేశారు. అడుగు గుంత తీసి మొక్క పెడితే రాతి కుండీలో పెట్టినట్టే. గునపం పోటుకు గ్రావెల్ పొర దాటి, కింద కయ్య మట్టి నల్లగా, మెత్తగా తగిలేదాకా తవ్వాలి. ఆ మట్టి తగిలిన గుంతలో పెట్టిన మొక్క తీరే వేరు.

క్రమం ఇది:

☐ నాటడానికి పదిహేను రోజుల ముందు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు తవ్వండి. ఇసుక నేలలో రెండడుగులు చాలు
☐ పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోయండి. గ్రావెల్‌ను తీసేయండి
☐ గుంత గోడల్ని గునపంతో అక్కడక్కడా పొడిచి గరుకు చేయండి
☐ గుంత నిండా నీళ్లు పోసి చూడండి. మరుసటి రోజు ఇదే వేళకు ఇంకకపోతే ఆ చోట గుంతలో కాకుండా అడుగు ఎత్తు దిబ్బ పోసి దానిమీద నాటండి
☐ గుంత పూడ్చడానికి: సగం పై మట్టి, పావు చెరువు మట్టి, పావు బాగా మాగిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి

పచ్చి పేడ వేయకండి, చెదలు పడతాయి. నల్లరేగడిలో గుంతంతా ఇసుకతో నింపడం కూడా తప్పే. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక అయితే వాననీరంతా గుంతలోకి దిగి తొట్టిలా నిలుస్తుంది.

రాత్రి వీధిలో తెరిచిన గుంత ప్రమాదం. చుట్టూ కర్రలు పాతి గుడ్డ కట్టండి.

7. నాటే సాయంత్రం

1. ఉదయమే కవరులో నీళ్లు పోసి ఉంచండి. నాటడం సాయంత్రం నాలుగు తరవాత.

2. కవరు అడుగు నుంచి బ్లేడుతో కోసి పూర్తిగా తీసేయండి. "అదే చివికిపోతుందిలే" అని వదిలేయకండి, చివకదు.

3. వేర్లు చుట్టచుట్టుకొని ఉంటే వేరుముద్ద పక్కల్లో పైనుంచి కిందికి మూడు నాలుగు చోట్ల బ్లేడుతో గీయండి. భయమేస్తుంది గానీ, ఇది చేయకపోతే పెద్దయ్యాక ఆ వేరే చెట్టు మెడకు ఉరి అవుతుంది.

4. కవరులో మట్టి ఎంతవరకు ఉందో నేలలోనూ అంతవరకే. మొదలు పూడితే కుళ్లుతుంది.

5. మట్టి పోసి చేత్తో అదమండి, కాలితో తొక్కకండి. మూడడుగుల వెడల్పు పాదు కట్టి రెండు బిందెల నీళ్లు నెమ్మదిగా పోయండి.

6. అటూ ఇటూ రెండు సర్వి కర్రలు పాతి, పాత నూలుగుడ్డతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. కాండం కాస్త ఊగాలి. ఊగితేనే మొదలు లావెక్కుతుంది. ఇనుప తీగ, నైలాన్ తాడు బెరడును కోసేస్తాయి.

7. పాదులో నాలుగు అంగుళాల మందాన వేరుశనగ పొట్టో కొబ్బరి పీచో పరచండి, మొదలుకు బెత్తెడు దూరం వదలండి. వరిగడ్డి వేస్తే ఆవులు లాగేస్తాయి. కొబ్బరి బోండాల బండి దగ్గర డొప్పలు ఊరికే దొరుకుతాయి, బోర్లించి పరవండి. వెల్లకిలా పెడితే నీళ్లు నిలిచి దోమలు.

8. కంచె అదే రోజు కట్టాలి. రేపు కడదామంటే రాత్రికే మేక తింటుంది.

8. నీళ్లు: ఎంత, ఎవరు, ఎవరి డబ్బుతో

వానల్లేని రోజుల్లో ఒక్కో మొక్కకు:

☐ మొదటి నెల: రోజు విడిచి రోజు 10 లీటర్లు
☐ జనవరి, ఫిబ్రవరి: వారానికి రెండుసార్లు 15 లీటర్లు
☐ మార్చి నుంచి జూన్ మధ్య దాకా: మూడు రోజులకోసారి 20 లీటర్లు
☐ రెండో ఏడు ఎండల్లో: వారానికోసారి 40 లీటర్లు
☐ మూడో ఏడు: ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకోసారి

రోజూ చెంబెడు పోయడం కంటే అరుదుగా, నిండుగా పోయడం మేలు. చెంబు నీళ్లకు వేరు పైపైనే ఉండిపోతుంది. మొక్క పక్కన చిల్లులు పెట్టిన రెండడుగుల పీవీసీ పైపు ముక్క పాతి, నోట్లో కంకర నింపి అందులో నీళ్లు పోస్తే నేరుగా లోపలికి దిగుతాయి.

బోరునీళ్లను చిన్న టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) చూసుకోండి. 450 పీపీఎం లోపు ఉంటే ఏ మొక్కకైనా పర్లేదు. 2000 దాటితే ఉప్పుకు ఓర్చే చెట్లే పెట్టాలి. ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్లు మరింత ఉప్పన, వాటితోనే పెంచకండి. బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు చివరగా జాడించిన నీళ్లు, ఏసీ నీళ్లు వాడుకోవచ్చు.

ఇప్పుడు అసలు మాట. కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధిలో, బిందెల కోసం వరసలో నిలబడే ఆడవాళ్లను "చెట్టుకూ ఒక బిందె పోయండి" అని అడగడం న్యాయం కాదు. చెట్టు వాళ్లకు నీడ కోసం ఇస్తున్నాం, ఇంకో చాకిరీ పెట్టడానికి కాదు. నీళ్లు వీధికి రావాలి.

లెక్క చూడండి. యాభై మొక్కలకు 20 లీటర్ల చొప్పున ఒక తడికి వెయ్యి లీటర్లు. నాలుగు వేల లీటర్ల ట్రాక్టరు ట్యాంకరు ఒక్కటి రెండు వందల మొక్కలకు సరిపోతుంది. మూడు నాలుగు వీధులు కలిస్తే ఖర్చు పెద్దది కాదు. ఆ డబ్బు ఇప్పటికే నీడ ఉన్న లేఅవుట్ల సంఘాల నుంచి అడగండి. మా దగ్గర ఒక అపార్ట్‌మెంటువాళ్లు ఒక కాలనీ వీధి ఖర్చు మూడేళ్లకు ఒప్పుకున్నారు. చందాగా కాకుండా నెలనెలా ఇస్తున్నారు.

పోసే పని ఆ వీధి పొదుపు సంఘం సభ్యులకే జీతానికి ఇవ్వండి. నాటిన మొక్కకు కాకుండా బతికున్న మొక్కకు లెక్కగట్టి, నెల చివర అందరి ముందూ లెక్కపెట్టి డబ్బు ఇవ్వండి.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఆకు అంచులు మాడుతున్నాయి: ఉప్పునీళ్ల గుర్తు కావచ్చు. రెండు తడులు మంచినీళ్లు నిండుగా పోసి ఉప్పును కిందికి దించండి.

ఆకు పసుపై వాలిపోతోంది, మట్టి తడిగానే ఉంది: నీళ్లెక్కువయ్యాయి. పాదు తెరిచి వారం ఆరనివ్వండి.

ఎండి చచ్చిందనుకున్నారు: బెరడును గోరుతో గీరండి. లోపల పచ్చగా ఉంటే బతికుంది. ఎండినంతమేర కోసి నీళ్లు సాగించండి. పీకేసిన వాటిలో బతికినవే ఎక్కువ ఉండొచ్చని నా బాధ.

మొదలు చుట్టూ సిమెంటు పోశారు: కాంట్రాక్టరుతో ఆ రోజే మాట్లాడండి. పోసిన పూట తీయడం తేలిక, ఆరాక గొడవ.

చెట్టుకు బోర్డు, మేకులు: మేకు పీకేయండి. ఆ గాయంలో పేడ, సిమెంటు పూయకండి, చెట్టే మాన్పుకుంటుంది.

ఎవరో నరకబోతున్నారు: నీరు, నేల, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం 2002 ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. అనుమతి పత్రం చూపమని మర్యాదగా అడగండి, ఫొటో తీసి సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి.

10. తుపానుకు ముందు, తరవాత

2015 నవంబరు, 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను చూసినవాళ్లం. చెట్టు పడుతుందని నాటడం మానలేం, సిద్ధంగా ఉండాలి.

సెప్టెంబరు ఆఖరు లోపు:

☐ ఎండు కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీయించండి
☐ గుబురు మధ్యలో గాలి దూరేలా పలచన చేయించండి, నాలుగో వంతుకు మించి కోయవద్దు
☐ తల నరకనివ్వకండి. నరికినచోట వచ్చే గుబురు కొమ్మలే మొదటి గాలికి ఊడతాయి
☐ తీగలకు తగిలే కొమ్మల పని కరెంటు సిబ్బందిదే, మీరు ఎక్కకండి
☐ చిన్న మొక్కల కట్లు సడలించి మళ్లీ కట్టండి

తుపాను దాటాక తెగిన తీగలు లేవని తేలేదాకా పడిన చెట్టు దగ్గరికి పోకండి. మొదలు మణికట్టంత లావు లోపు ఉండి పక్కకు ఒరిగిన మొక్కలు దాదాపు అన్నీ తిరిగి నిలబడతాయి, రెండు రోజుల్లో చేయాలి. బయటపడిన వేర్లను తడి గోనెసంచితో కప్పి ఉంచండి. ఒరిగిన వైపు మట్టి తవ్వి, విరిగిన వేర్లను శుభ్రంగా కోసి, ఇద్దరు మనుషులు నెమ్మదిగా నిలబెట్టండి. లాగి బిగించకండి. మట్టి పోసి అదిమి, మూడు వైపుల నుంచి కర్రలు పెట్టి గుడ్డతో కట్టండి. పై కొమ్మల్లో మూడో వంతు తగ్గించండి, సగం వేరు ఇంక అంత ఆకును మోయలేదు. ఆ కర్రల్ని మరుసటి ఏడు వానల దాకా తీయకండి.